అభిమానుల స్మృతిలో దిలీప్ కుమార్

తెలుగులో 'అభిమానం' అనే మాటకు రెండర్థాలు ఉన్నవి. ఇతరుల పట్ల మనకు గల ప్రీతి ఒకటి. తన పట్ల తనకు గల గౌరవం మరొకటి. సుయోధనుడు అభిమానధనుడు అన్నప్పుడు రెండవ అర్థం, ఫలానా నటునికి అభిమానులు మెండు అన్నప్పుడు మొదటి అర్థం స్ఫురిస్తుంది. ఉర్దూలో ఈ రెండింటికి వేర్వేరు మాటలు కలవు. ఆత్మగౌరవం ఖుద్దారీ. నటుని మెచ్చుకొనేవాడు మద్దాహ్, అనగా స్తుతించేవాడు. ఆ మెప్పు ముదిరితే పరస్తార్, అనగా ఆరాధించేవాడు. రెండు భాషలూ నిత్యం వినిపించే మన కళాశాలలో ఇటువంటి భేదాలు తరచు మనస్సుకు తగులుతూ ఉంటవి. రెండర్థాలను ఒకే మాటలో ఇమిడ్చిన తెలుగు ఈ ఒక్క విషయంలో ఉర్దూ కంటె లోతుగా చూచినదని నా అభిప్రాయం. ఉర్దూ శాఖలోని మిత్రులు మన్నింతురు గాక!

ఎన్నడూ కలిసి మాట్లాడని, మన పేరైనా ఎరుగని ఒక నటుడు మరణిస్తే మన కంట నీరెందుకు వస్తుంది? ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. బంధువు మరణిస్తే ఆ బంధువుతో గడిపిన రోజులను తలచుకొని ఏడుస్తాము. నటుడు మరణిస్తే అతని చిత్రాలు చూచిన రోజులలోని మనలను మనం తలచుకొంటాము. నేల టిక్కెట్టు కొన్న రోజు, పక్కన కూర్చున్న మిత్రుడు, ఇంటికి వచ్చిన తరువాత తండ్రి పెట్టిన చీవాట్లు, అన్నీ ఆ ముఖంతో ముడిపడి ఉంటవి. ఆ విధంగా నటునిపై గల ప్రీతి మెల్లగా మన స్వంత గౌరవంలో ఒక భాగం అవుతుంది. అతనిని ఎవరైనా తూలనాడితే మనకు రోషం రావడానికి కారణం ఇదే. అభిమానం అనే మాట రెండర్థాలూ ఇక్కడ కలిసిపోతున్నవి. ఈ కలయికను స్పష్టంగా చూపగల ఉదాహరణగా దిలీప్ కుమార్ నిర్యాణానంతరం ఆయన అభిమానులు ఆయనను స్మరించుకొన్న తీరును పరిశీలింప దలచినాను.

దిలీప్ కుమార్ 2021 జూలై 7వ తేదీ ఉదయం ముంబయిలోని హిందూజా ఆసుపత్రిలో తన 98వ ఏట కన్నుమూసినారు. ఆనాటి సాయంకాలమే జుహూ ఖబరస్తాన్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినవి. భౌతికకాయంపై జాతీయ పతాకం కప్పినారు. కరోనా మహమ్మారి రెండవ విజృంభణ అప్పుడప్పుడే తగ్గుముఖం పట్టుచున్న రోజులవి. జనసమ్మర్దానికి తావు లేకుండెను. దక్షిణాదివారమైన మనకు ఇది కొంత వింతగా తోచే విషయం. 1987 డిసెంబరులో ఎం.జి. రామచంద్రన్, 1996 జనవరిలో నందమూరి తారక రామారావు గతించినప్పుడు మద్రాసు, హైదరాబాదు నగరాల వీథులు జనసముద్రాలైనవి. 2006 ఏప్రిల్‌లో కన్నడ నటుడు రాజకుమార్ మరణించినప్పుడు బెంగుళూరులో దుఃఖం అదుపు తప్పి హింసగా మారినది, ప్రాణనష్టం జరిగినది. దిలీప్ కుమార్ విషయంలో వీథికి రాలేని దుఃఖం ఇండ్లలోనే ఉండిపోయినది. వార్తలకు నోచుకొనకపోయినను ఆ దుఃఖం చిన్నది కాదు.

ఆయన జీవిత విశేషాలు అనేకులకు తెలిసినవే కనుక క్లుప్తంగా చెప్పుతాను. అసలు పేరు మహమ్మద్ యూసుఫ్ ఖాన్. 1922 డిసెంబరు 11న పెషావరులోని కిస్సా ఖ్వానీ బజారు ప్రాంతంలో ఒక పండ్ల వ్యాపారి ఇంట జన్మించినారు. కుటుంబం బొంబాయి ప్రాంతానికి తరలివచ్చినది. పూనాలో సైనికుల క్యాంటీనులో కొంతకాలం పనిచేసిన ఆ యువకుని బాంబే టాకీస్ అధినేత్రి దేవికారాణి నటునిగా చేర్చుకొని కొత్త పేరు పెట్టించినారు. 1944లో 'జ్వార్ భాటా' మొదటి చిత్రం. 1998లో 'కిలా' చివరిది. అర్ధశతాబ్దికి మించిన ఈ కాలంలో ఆయన నటించిన చిత్రాలు సుమారు అరవై మాత్రమే. 'దాగ్' చిత్రానికి ఫిలింఫేర్ తొలి ఉత్తమ నటుని బహుమతి ఆయనకే దక్కినది. మొత్తం ఎనిమిది పర్యాయాలు ఆ బహుమతి అందుకొన్నారు. ఏడాదికి పది చిత్రాలు చేసిన నటులను ఎరిగిన మనకు ఈ అరవై సంఖ్య చిన్నదిగా కనబడవచ్చును. కాని ఒక్కొక్క పాత్రకు ఆయన పడిన శ్రమ వేరు. 'కోహినూర్' చిత్రంలో సితారు వాయించే సన్నివేశం కోసం ఉస్తాద్ అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్ వద్ద సితారు అభ్యసించినారు. వ్రేళ్ళను మాత్రం మరొకరివి చూపి సరిపెట్టుకొనే పద్ధతి ఆయనకు గిట్టలేదు.

ఆయన మరణించిన దినాలలో అభిమానులు ఏమేమి తలచుకొన్నారని గమనిస్తే ఒక విశేషం బోధపడుతుంది. ఎక్కువమంది స్మరించినది ఆయన గంభీర సంభాషణలను కాదు. మాటకు మాటకు నడుమ ఆయన ఉంచిన నిశ్శబ్దాన్ని. పార్సీ నాటకరంగం నుండి వచ్చిన ఉచ్చైస్వరం అప్పటికి హిందీ తెరను ఏలుతూ ఉండెను. ప్రేక్షకాగారంలో చిట్టచివరి వరుసకు వినబడేటట్లు మాట్లాడడం నటనగా భావించే రోజులవి. తెరమీద మైకు ఉన్నదనీ, కెమెరా మనిషికి దగ్గరగా వచ్చి చూస్తుందనీ, అందువల్ల గొంతు తగ్గించినకొద్దీ ప్రేక్షకుడు ముందుకు వంగి వింటాడనీ గ్రహించినవారిలో దిలీప్ కుమార్ అగ్రగణ్యులు. 'మొగలే ఆజం'లో పృథ్వీరాజ్ కపూర్ అక్బరు పాత్రలో మేఘం వలె గర్జిస్తూ ఉంటే, ఎదుట నిలుచున్న సలీం గొంతు పెంచక తక్కువ మాటలతో ఆ గర్జనను ఎదుర్కొంటాడు. రెండు నటనా సంప్రదాయాలు ముఖాముఖి నిలిచిన సన్నివేశాలవి. తండ్రీ కొడుకుల కలహం కథలో ఉన్నది. రెండు యుగాల కలహం నటనలో ఉన్నది. అదే చిత్రంలో అనార్కలీ ముఖాన్ని సలీం ఒక ఈకతో స్పృశించే సన్నివేశంలో మాటలే లేవు. వెనుక నుండి బడే గులాం అలీ ఖాన్ గానం మాత్రం వినిపిస్తుంది.

1984లో వచ్చిన 'మషాల్' చిత్రంలోని రోడ్డు సన్నివేశాన్ని గూర్చి చెప్పకుండ ముందుకు పోలేను. అర్ధరాత్రి బొంబాయి వీథిలో భార్య కడుపునొప్పితో విలవిలలాడుతూ ఉంటుంది. వృద్ధుడైన పత్రికా సంపాదకుడు వచ్చిపోయే కార్లను చేతులెత్తి ఆపబోతాడు. ఒక్క కారూ ఆగదు. జీవితమంతా తక్కువ స్వరంలో మాట్లాడిన నటుడు ఆ ఒక్క చోట గొంతు చించుకొని అరుస్తాడు. నలభై సంవత్సరాలు దాచుకొన్న కేక అది. మరణవార్త విన్న రోజున ఎందరో అభిమానులు తలచుకొన్న సన్నివేశం ఇదే. నటుని ఎంపికలో గల విలువ ఇక్కడ తెలుస్తుంది. ప్రతి చిత్రంలో అరచినవాని అరుపుకు ఇంత బలం ఉండదు.

ఇక భాష విషయం. ఇంట హింద్కో, ఊరిలో పష్తో, గ్రంథాలలో ఉర్దూ, ఫారసీ. ఆ పునాదిపై నిలిచిన ఉర్దూ ఉచ్చారణ ఆయనది. లతా మంగేష్కర్ తన తొలినాళ్ళలో ఒక రైలు ప్రయాణంలో దిలీప్ కుమార్‌ను కలిసినప్పుడు, మరాఠీ గాయకుల ఉర్దూలో వారి ఇంటి వంటకాల వాసన తగులుతుందని ఆయన అన్నారట. ఆమె నొచ్చుకొన్నది, కాని ఆ మాటను మనస్సులో ఉంచుకొని ఒక మౌల్వీని నియమించుకొని ఉర్దూ నేర్చుకొన్నది. ఆమె ఈ వృత్తాంతాన్ని తరువాత తానే ప్రీతితో చెప్పుకొన్నది, ఆయనకు రాఖీ కట్టినది. అయితే దిలీప్ కుమార్ కేవలం ప్రౌఢమైన ఉర్దూకు కట్టుబడిన నటుడనుకొంటే పొరపాటు. తానే నిర్మించిన 'గంగా జమునా' చిత్రంలో, 1961లో, ఆద్యంతం తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లీయుల యాసలో మాట్లాడినారు. సలీం యువరాజు రాజభాష తెరపై వినిపించిన మరుసటి సంవత్సరమే ధోవతి కట్టిన గంగారాం పల్లెభాష వినిపించినది. ఆ పల్లెభాషకు కూడ ఒక శిష్టత్వం ఉన్నదని లక్షలాది ప్రేక్షకులు గుర్తించినారు. గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని పాఠ్యపుస్తకంలో చదివే మన తెలుగు విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనింప వలెను. యాసను పరిహాసానికి మాత్రమే వాడే చిత్రాలు మన తెలుగులో నేటికీ తక్కువేమీ కావు.

పెషావరు ప్రజల స్మృతి మరొక తీరుది. కిస్సా ఖ్వానీ అనగా కథలు చెప్పే చోటు. పూర్వం సార్థవాహులు, వర్తకులు అక్కడ విడిది చేసి కథలు చెప్పుకొనేవారు. బాలుడైన యూసుఫ్ చెవిలో పడిన తొలి కథలు అవే. ఆ బజారుకు సమీపంలో నాలుగు మర్లాల స్థలంలో ఆయన పుట్టిన ఇల్లు ఉన్నది. 1988లో ఆయన ఆ ఊరికి వచ్చినప్పుడు జనం ఆయనను తమ ఇంటి బిడ్డగానే చూచినారు. 2014లో పాకిస్తాన్ ప్రభుత్వం ఆ ఇంటిని జాతీయ వారసత్వ కట్టడంగా ప్రకటించినది. 2020 సెప్టెంబరులో, తొంబదియేడేండ్ల వయస్సులో, తన ఇంటి ఛాయాచిత్రాలు ఉంటే పంపవలసినదిగా పెషావరు వాసులను ఆయన కోరగా, ఎందరో తమ వద్ద ఉన్న చిత్రాలను పంపినారు. మరణానికి కొద్ది వారాల ముందు ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా ప్రభుత్వం ఆ ఇంటిని స్వాధీనం చేసుకొన్నది. జూలై 7న ఆ ఇంటి వద్ద స్థానికులు గాయిబానా నమాజే జనాజా చేసినారు. భౌతికకాయం ఎదుట లేనప్పుడు చేసే జనాజా ప్రార్థన అది. ఎన్నో దశాబ్దాల క్రిందట ఊరు విడిచిన మనిషి కొరకు, ఆయనను ఎన్నడూ చూడని యువకులు వరుసలు తీరి నిలుచున్నారు.

ఇందులో ఆలోచింపదగిన సంగతి ఒకటి ఉన్నది. 1965 యుద్ధం తరువాత పాకిస్తాన్ థియేటర్లలో భారతీయ చిత్రాల ప్రదర్శన నిషేధింపబడినది. నాలుగు దశాబ్దాల అనంతరం, 2006లో, రంగులు అద్దిన 'మొగలే ఆజం' అక్కడి తెరపైకి వచ్చినది. నడిమి కాలంలో అక్కడివారు ఆయనను ఎట్లు చూచినారు? లాహోరులో కొందరు అమృతసర్ దూరదర్శన్ ప్రసారాలను పట్టుకొని చూచినారు. తరువాత వీడియో క్యాసెట్లు వచ్చినవి. ఎక్కువమంది పెద్దల నోట విన్నారు. అభిమానం కూడ కథల వలెనే నోటి నుండి నోటికి ప్రయాణం చేస్తుందని కిస్సా ఖ్వానీ వారికి వేరే చెప్పవలసిన పని లేదు.

ఈ ఉభయత్ర ఆదరమే ఆయనకు ఒక పరీక్షను తెచ్చిపెట్టినది. 1998లో పాకిస్తాన్ తన అత్యున్నత పౌర పురస్కారాలలో ఒకటైన నిషానే ఇమ్తియాజ్‌ను ఆయనకు ప్రదానం చేసినది. మరుసటి సంవత్సరం కార్గిల్ యుద్ధం వచ్చినది. పురస్కారాన్ని తిరిగి ఇచ్చివేయవలెనని కొందరు పట్టుబట్టినారు. ఆయన దేశభక్తినే శంకించినారు. బొంబాయి నగర షరీఫ్‌గా పనిచేసినవాడు, పద్మభూషణ్, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాలు అందుకొన్నవాడు తన డెబ్బదియారవ ఏట తాను ఈ దేశస్థుడనని చెప్పుకోవలసి వచ్చినది. ప్రధాని వాజ్‌పేయి ఆ నిర్ణయాన్ని ఆయనకే విడిచిపెట్టినారు. ఆయన పురస్కారాన్ని తిరిగి ఇవ్వలేదు. మరుసటి సంవత్సరం రాజ్యసభ సభ్యులైనారు. 2015లో పద్మవిభూషణ్ లభించినది. కాని ఆ కొద్ది నెలలను ఆయన అభిమానులు మరువలేదు. అభిమానానికి నేను చెప్పిన రెండవ అర్థం, ఖుద్దారీ, ఇక్కడ బయటపడుతుంది. ఆనాడు నొచ్చుకొన్నది నటుడొక్కడే కాదు. భారతదేశంలో యూసుఫ్ అనే పేరు పెట్టుకొన్న సామాన్యుడు కూడ తన గుండెపై చేయి వేసుకొన్నాడు. ఇరవై రెండేండ్ల తరువాత త్రివర్ణ పతాకం కప్పిన ఆ భౌతికకాయాన్ని దూరదర్శన్‌లో చూచినప్పుడు అటువంటి సామాన్యునికి కలిగిన భావం ఏమై ఉండునో వర్ణించడం అనవసరం.

మన తెలుగువారికి దిలీప్ కుమార్‌తో గల చుట్టరికం గూర్చి తక్కువమంది ప్రస్తావించినారు. ఇది నాకు కొంత అసంతృప్తి కలిగించిన విషయం. వరుస విషాద పాత్రల వల్ల మనస్సు కుంగినప్పుడు తేలిక పాత్రలు చేయవలసినదిగా వైద్యులు ఆయనకు సలహా ఇచ్చినారు. ఆ సలహా పాటించి చేసిన చిత్రం 1955 నాటి 'ఆజాద్'. దానిని కోయంబత్తూరుకు చెందిన పక్షిరాజా సంస్థ అధిపతి ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు రూపొందించినారు. అంతకు ముందు సంవత్సరమే ఆ కథను నాయుడుగారు తమిళంలో 'మలైక్కళ్ళన్'గా, తెలుగులో 'అగ్గిరాముడు'గా తీసినారు. తెలుగులో నాయకుడు ఎన్.టి. రామారావు. అదే 1955లో జెమినీ వాసన్ తీసిన 'ఇన్సానియత్' చిత్రానికి మూలం 1950 నాటి మన 'పల్లెటూరి పిల్ల'. ఇక 1964లో డి. రామానాయుడు నిర్మించిన 'రాముడు భీముడు' సంగతి తెలుగు పిల్లలందరికీ తెలిసినదే. డి.వి. నరసరాజు రచన, తాపీ చాణక్య దర్శకత్వం, రామారావు ద్విపాత్రాభినయం. ఆ కథను 1967లో 'రామ్ ఔర్ శ్యామ్'గా నాగిరెడ్డి నిర్మింపగా దర్శకత్వం వహించినది మరల తాపీ చాణక్యయే. ఈ చాణక్య సుప్రసిద్ధ రచయిత తాపీ ధర్మారావుగారి కుమారుడని తెలుగు విద్యార్థులకు గుర్తు చేస్తున్నాను.

దిలీప్ కుమార్ పొందిన ఎనిమిది ఫిలింఫేర్ బహుమతులలో రెండు 'ఆజాద్', 'రామ్ ఔర్ శ్యామ్' చిత్రాలకు వచ్చినవే. అనగా విషాదనాయకుడని లోకం పేరు పెట్టిన నటునికి నవ్వు నేర్పినది చాల వరకు దక్షిణాది కథలే. 'దేవదాసు' విషయంలో కూడ ఒక పోలిక ఉన్నది. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు 1953లో, దిలీప్ కుమార్ దేవదాసు 1955లో వచ్చినవి. ఎవరు మిన్న అని మన వారు టీకొట్ల వద్ద గంటల తరబడి వాదించుకొన్నారు. ఆ వాదం తేలేది కాదు, తేలవలసిన అవసరమూ లేదు. ఇద్దరూ ఒకే శరత్ బాబు ఇంటి నుండి అరువు తెచ్చుకొన్నవారే.

మన భాషలో సంతాప సభ వేరు, సంస్మరణ సభ వేరు. ఉర్దూలో తాజియతీ జల్సా అన్నప్పుడు పరామర్శ ప్రధానం. సంతాపం వేడి వంటిది, కొద్ది దినాలలో చల్లారుతుంది. సంస్మరణం శ్రమతో కూడిన పని. దానికి చోటు కావలెను, వస్తువు కావలెను, చూపించే పెద్దలు కావలెను. ఈ దృష్టితో చూస్తే దిలీప్ కుమార్ స్మృతికి జరిగినది మిశ్రమంగానే ఉన్నది. పెషావరు ఇల్లు ప్రభుత్వపరం అయిన తరువాత కూడ మరమ్మతులు లేక, వానలకు మరింత శిథిలమైనది. ముంబయి పాలీ హిల్‌లోని ఆయన బంగళా స్థలంలో విలాసవంతమైన నివాస భవనం నిర్మించుటకు 2023లో నిర్ణయం జరిగినది. అందులో రెండు వేల చదరపు అడుగుల మ్యూజియం ఉంటుందని ప్రకటించినారు. ఒక దేశంలో ఇల్లు మిగిలి కూలుచున్నది, మరొక దేశంలో ఇల్లు కూలి జ్ఞాపకం ఒక అంతస్తులో సర్దుకొన్నది. ఏది మేలో చెప్పడం కష్టం.

కాని చిత్రాల విషయంలో కొంత మంచి పని జరిగినది. 2022 డిసెంబరు 10, 11 తేదీలలో ఆయన శతజయంతి సందర్భంగా ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ దేశంలోని ఇరవై నగరాలలో, ముప్పైకి పైగా థియేటర్లలో ఆయన చిత్రాలను పెద్ద తెరపై ప్రదర్శించినది. ఎంచుకొన్నవి నాలుగు: 'ఆన్', 'దేవదాస్', 'రామ్ ఔర్ శ్యామ్', 'శక్తి'. మన నరసరాజు, చాణక్యల కథ ఆ నాలుగింటిలో ఒకటిగా నిలిచినదన్న సంగతి మన పత్రికలలో మరికొంత ప్రముఖంగా రావలసి ఉండెను. ఆయన సతీమణి సైరా బాను 2023 జూలైలో, రెండవ వర్ధంతి నాటి నుండి, తమ జీవితంలోని జ్ఞాపకాలను ఛాయాచిత్రాలతో సహా ప్రజల ముందు ఉంచసాగినారు. వాటిని చదివేవారిలో ఆయన చిత్రాన్ని ఒక్కదానినైనా థియేటరులో చూడని పిల్లలు ఎందరో ఉన్నారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన సాంస్కృతిక సంఘం వారు ప్రతి సంవత్సరం ఏదో ఒక చిత్రాన్ని ప్రదర్శిస్తూనే ఉన్నారు. రాబోవు డిసెంబరు 11న 'రాముడు భీముడు', మరునాడు 'రామ్ ఔర్ శ్యామ్' ప్రదర్శించి, తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులను కలిపి కూర్చోబెడితే బాగుండును. ఖర్చు స్వల్పం. చూచే విద్యార్థులు కొరడా సన్నివేశాన్ని శ్రద్ధగా గమనింపవలెను. పిరికివాడని తలచి మేనల్లునిపైనో బావమరిదిపైనో కొరడా ఎత్తే దుర్మార్గులను మన తెర ఎందరినో చూచినది. కాని కొరడా దెబ్బ తినవలసినవాని చోట ధైర్యశాలి నిలుచున్న క్షణం ఈ రెండు చిత్రాలలోనూ ఉన్నది. రామారావుగారు ఆ క్షణాన్ని రొమ్ము విరిచి నిలుచుండి చూపుతారు. దిలీప్ కుమార్ ముందుగా కంటితో నవ్వుతారు, తరువాతనే చేయి కదుపుతారు. రెండింటిలో ఏది ఎక్కువ చప్పట్లు కొట్టించునో మన హాలులోనే తేలనిండు.